గంగామణి వేలికి పసుపు

ఈ రోజు పొద్దున డ్యూటీకి వెళ్లగానే, మా ఆసుపత్రి ఊడ్చే గంగామణి వేలు పచ్చగా కనబడింది. పసుపు పండించే మా ఆర్మూర్‌లో అది అంటని చెయ్యి ఉండదు కాబట్టి పట్టించుకునేదాన్ని కాదు. కానీ వేలికి గుడ్డ కట్టి ఉంది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు సిస్టర్. మొన్న ఐతారం చెత్త ఎత్తుతుంటె సూది కుచ్చుకున్నది. పసుపు వెట్టిన, మానింది."

ఈ రోజు శుక్రవారం, ఆదివారం గుచ్చుకుని ఐదు రోజులైంది. వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, అప్పుడే చెప్పాలి. హెచ్‌ఐవి రాకుండా వాడే మందును మూడు రోజుల లోపే మొదలుపెట్టాలి.

"గప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?" అని అరిచాను.

"చెప్తె సారు నిన్నే తిడ్తడు గద. సూదుల డబ్బ నిండిందని ఆ సూదిని చెత్తబుట్టల ఏసింది నువ్వేనాయె. నీకు మాట రావద్దని ఊకున్న."

నిజమే. ఆ రోజు రోగులు ఎక్కువగా ఉన్నారు. ఒక్క సూదే కదా అనుకున్నాను. అది ఎవరికి వాడిందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

డాక్టర్‌కు నేనే చెప్పాను. తిట్టారు. గంగామణి రక్తం పరీక్షకు పంపారు. ఇప్పుడు ఏమీ లేదని వచ్చినా కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయాలి. ఆ మందుకు గడువు దాటిపోయింది కాబట్టి అప్పటిదాకా ఎదురుచూడాల్సిందే.

సాయంత్రం పోతూ పోతూ ఆమే నాకు ధైర్యం చెప్పింది. "ఫికర్ జెయ్యకు సిస్టర్. గది మా చేన్ల పసుపు, దుకాణంల పొడి గాదు."

దీనికి ఏం జవాబు చెప్పాలో తెలిసినవాళ్లు రాయండి. సూదులకు కొత్త డబ్బా మాత్రం ఈ రోజు పెట్టారు.