నా బిడ్డ కూత ఆగనియ్యని దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మా ఇంట్ల మాట వినబడని రోజులు ఉండె. నా పెనిమిటి ప్రకాశం జ్వరమొచ్చి దవాఖానాలో ప్రభువు దగ్గరికి పోయినంక నేను, నా బిడ్డ ఎస్తేరు ఇద్దరమే మిగిలినం. నేను గోడకు ఆనుకొని కూసుంటే పొద్దు గూకేదాక అట్లనే కూసునేదాన్ని, ఎస్తేరు ఇంత అన్నం వండి నా ముందల పెట్టి అది ఇంకో మూలకు కూసునేది, మందిరానికి పోయినా పాటకు నోరు తెరవబుద్ధి కాకపోయేది, దేవుడు మమ్మల్ని మర్చిపోయిండు అనుకున్న.

నా పేరు మార్తమ్మ, మాది బూర్గంపాడు దిక్కు. సంతకం తప్ప నాకు రాయరాదు, నేను చెప్తుంటే ఎస్తేరే ఇదంతా రాస్తున్నది. నాది బొంగురు గొంతు, నా బిడ్డ కబడ్డీ ఆడేటప్పుడు గీత అవతల నిలబడి అరిచి అరిచి గిట్లయింది, నాకేం బాధ లేదు. కబడ్డీ తెలియనోళ్లకు చెప్తున్న, అవతలి జట్టు మీదికి పోయినోళ్లు ఊపిరి తియ్యకుండ కబడ్డీ కబడ్డీ అనుకుంటనే ఉండాలె, దాన్నే కూత అంటం, కూత ఆగిందంటే ఔటే. నా బిడ్డ కూతకు పోతే ఊపిరి ఎక్కడ దాచుకున్నదో అన్నట్టు ఉండేది, అవతల నిలబడ్డోళ్లు ఎనక్కి ఎనక్కి జరిగేటోళ్లు. జిల్లా జట్టుకు ఆడింది, ఆటల టీచర్ ట్రైనింగ్ కూడా చేసింది, ఆటల లైన్లనే ఉద్యోగం చెయ్యాలె అని దాని ఆశ, వాళ్ల నాయిన ఆశ కూడా అదే.

నాయిన పోయినంక ఉద్యోగానికి తిరుగుడు మొదలుపెట్టింది. బయోడేటా రాసుకొని ఖమ్మంల ప్రైవేటు బడులకు పంపింది, సత్తుపల్లిల ఒక ఆటల క్లబ్బుకు పంపింది, ఎవ్వలూ పిలవలే. ఆఖరికి ఒక బడికి తానే పోయి ఇస్తే అక్కడి గుమాస్తా చదివి నవ్విండంట, "ఏందమ్మా, ఈ ఉద్యోగం నీకా, మీ దేవునికా?" అన్నడంట. ఇంటికొచ్చి ఆట బూట్లు గంప కింద పెట్టింది. "అమ్మా, వానలకు బడులు తెరిచేలోపు ఏదీ రాకపోతే నీతో పాటు పత్తి చేలకు కూలికి వస్తా, ఈ బూట్లు ఎవరికన్నా ఇచ్చేద్దాం" అన్నది. ఏడ్వలే, ఏడ్చినా బాగుండు.

ఆ పొద్దు నేను మోకాళ్లేసిన. "ప్రభువా, నాకు చదువు లేదు, దానికి దారి చూపించే తెలివి లేదు, దాని నాయినను తీసుకపోయినవు, దాని కూత కూడా తీసుకపోతవా, ఎవరినన్నా పంపు తండ్రీ" అని అడిగిన. లేచి ఆ కాగితం పట్టుకొని ఎస్తేరును ఎంటబెట్టుకొని పాస్టరమ్మ ఇంటికి పోయిన. పాస్టరమ్మ పెళ్లికి ముందు ఖమ్మంల ఒక ఆఫీసుల టైపు కొట్టింది, గసొంటి కాగితాలు మస్తు చూసింది.

ఆమె బయటికి చదివింది సహోదరులారా, ఎస్తేరు అండ్ల ఇట్ల రాసింది. నేను అయోగ్యురాలిని, నాలో ఏ మంచీ లేదు. జిల్లా జట్టులో దేవుడే ఆడించాడు. ఫైనల్లో ప్రభువే గెలిపించాడు. ఓడిపోయిన ఆటలు నా తప్పు వలన ఓడిపోయాము. పాస్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది, ఆమెను చూసి నేను నవ్విన, ప్రకాశం పోయినంక నేను నవ్వింది అప్పుడే. మరి ఎస్తేరు ఏం చేస్తది, పసిపిల్ల నుంచి మందిరంల లేచి నిలబడి నాదేం లేదు అంతా దేవునిదే అని సాక్ష్యం చెప్పుడే నేర్చుకున్నది, బయోడేటా కూడా అట్లనే రాసింది.

"నేను గెలిచిన అని రాస్తే గర్వం కాదా పాస్టరమ్మా?" అని అడిగింది.

పాస్టరమ్మ దాని పక్కన కూసున్నది. "ఎస్తేరూ, దేవుడు బాగుచేసిన మనిషి మంచం దిగకుండ మహిమ మహిమ అంటే ఎవరు నమ్ముతరు, లేచి నడవాలె గదా. నీ కాళ్లతో దేవుడు ఏం చేయించిండో దాచిపెడితే ఆయనకు వచ్చే మహిమ ఎటు పోతది?"

ఇంకో కాగితం తెచ్చింది. పైన పేరు, దాని కింద ఏ పని కావాలెనో సూటిగ రాయమన్నది, ఆడిన జట్లు, చేసిన ట్రైనింగ్ రాయమన్నది, ఓడిన ఆటలు ఎవరూ అడగరన్నది. ఈ కాలమంతా ఏం చేసినవు అని అడిగితే ఎస్తేరు తల దించుకొని, "ఏం లేదు, మందిరం వాకిట్ల ఆడపిల్లలకు ఉత్తగ కబడ్డీ నేర్పిన, అది పనా?" అన్నది.

"అదే పని. ఉద్యోగమిచ్చేటోళ్లు నువ్వు ఎట్ల ఆడినవో ఒకసారి చూస్తరు, ఎట్ల నేర్పుతవో పదిసార్లు చూస్తరు."

అప్పుడు నేను అందుకున్న. ఆడపిల్లలను ఆటకు పంపం అన్న తల్లుల ఇండ్లకు పోయి ఒప్పించింది ఎవరు, పాల్వంచ పోటీకి బస్సుల తీసుకపోయి అందరినీ మళ్ల ఇండ్లకు చేర్చింది ఎవరు, దెబ్బ తగిలితే కట్టు కట్టింది ఎవరు అని ఒక్కటొక్కటి చెప్పిన. పాస్టరమ్మ అవన్నీ రాయించింది. ఒక్క కాగితంల పట్టాలె, చేయనిది ఒక్క ముక్క ఉండొద్దు అన్నది. నీకు ఆట నేర్పిన సారును అడిగి ఆయన పేరు రాయి, అడగకుండ రాయకు, పోస్టుల పంపి ఇంట్ల కూసోకు, పోయి వాళ్ల గ్రౌండు చూసి మనుషులతో మాట్లాడు అన్నది. ఇంత ఓపికున్న మనిషిని నేను చూడలే.

పేరు కోసం ఆ సారును అడగబోతే ఆయనే చెప్పిండు, భద్రాచలం అవతల అడవిల ఒక ఆడపిల్లల ఆశ్రమ బడికి ఆటల టీచర్ కావాలంట అని. జల్దీ బస్సెక్కి ఇద్దరం పోయినం. ఎస్తేరు లోపలికి పోయింది, నేను కిటికీ పక్కన నిలబడ్డ. లోపల పెద్ద మేడం "నీ గురించి చెప్పమ్మా" అన్నది. ఎస్తేరు నోట మాట లేదు. మళ్లొకసారి అడిగింది. లేదు. నేను "ప్రభువా, దాని నోరు తెరువు" అని ప్రార్థన చేస్తున్న, చేస్తుండంగనే నాకు తెల్వకుండ నా బొంగురు గొంతు లేచింది.

"ఎస్తేరూ, కూత ఆగింది!"

లోపల అందరూ కిటికీ దిక్కు చూసిన్రు. "ఎవరమ్మా అది?" అన్నది మేడం.

"మా అమ్మ మేడం, కూత ఆపితే ఔట్ అంటున్నది" అన్నది ఎస్తేరు. మేడం నవ్వింది, నా బిడ్డ కూడా నవ్వింది, ఇగ అక్కడి నుంచి మాట్లాడింది సహోదరులారా, నేను ఆడిన, నేను గెలిచిన, నేను నేర్పిన అని, తల ఎత్తి, ఒక్క మాట ఎక్కువ లేకుండ తక్కువ లేకుండ. మాటలు బాగున్నయి, ఆడించి చూపియ్ అన్నది మేడం. అక్కడివి కోయ పిల్లలు, మేం మాట్లాడే తెలుగు ఆ పిల్లలకు సగమే తెలుస్తది, ఎస్తేరు చెప్పులు విప్పి గీత దాటి కూత పెట్టింది, దానికి ఏ భాషా అక్కర లేకపోయె, పిల్లలు కేక పెట్టి దాని మీద పడ్డరు. బడి తెరిచేనాటికి రమ్మన్నరు.

ఇప్పుడు ఆ బడి పక్కనే కిరాయి గదిల ఉంటున్నం. నేను అన్నం తింటున్న, పాట పాడుతున్న, సాయంత్రం గీత అవతల నిలబడి ఆ బడి పిల్లల కోసం అరుస్తున్న.

ఇగో, ఇక్కడిదాక వచ్చి ఎస్తేరు కలం ఆపింది. "నా గొప్పలు చాలు అమ్మా, దేవుడు ఇచ్చిండు అని ఒక్క ముక్క రాసి ముగిద్దాం" అంటున్నది. ముగియ్యొద్దు బిడ్డా, నేను పలికినట్టు రాయి. చదివే సహోదరీ, నీ ఇంట్ల కూడా మాట ఆగిపోయి ఉంటే ప్రభువును అడుగు, ఆయన పంపిన మనిషి మాట విను, నీ చేతులతో ఆయన చేయించింది దాచిపెట్టకు, ఆయన నమ్మదగినోడు. నా బిడ్డ ఎస్తేరు మంచిగ ఆడింది, మంచిగ నేర్పింది, దాన్ని అట్ల చేసిన దేవునికే మహిమ.

రాసినవా? ఏదీ, చదువు. ఆఁ, ఇంకొంచెం గట్టిగ.