దొరస్వామి గోడ మీది గీత

పదకొండేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోందేమో. రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది మూడోసారి.

నేను తిరుపతిలో హైస్కూలు సైన్సు అయ్యవారిని. పదో తరగతికి కాంతి పాఠం నాదే. పుటాకార దర్పణం, పరావర్తనం, పుస్తకం చూడకుండా బోర్డు నిండా గీసేస్తాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా తప్పు పుట్టింది అక్కడే.

మామగారు వాడిన అంబాసిడర్ నా చేతికొచ్చింది. లైట్లు మసక. ఎక్కువ వెలుగిచ్చే బల్బులు కొని, తిరుచానూరు రోడ్డులో కార్ల కరెంటు పని చేసే దొరస్వామి షెడ్డుకు తీసుకెళ్లాను. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. బల్బులు బిగించి, "సందేళకు రాండి అయ్యోరా, ఫోకస్ పెడతాను. ఇంట్లోవాళ్లను గూడా పిల్సుకోని రాండి" అన్నాడు.

లైట్ల పనికి ఇంట్లోవాళ్లెందుకు? నవ్వొచ్చింది. అతని షెడ్డు ఎదుటి గోడ మీద బొగ్గుతో గీసిన అడ్డగీత ఒకటుండేది. వెలుతురు ఆ గీతకు దిగువన పడేలా స్క్రూలు తిప్పేవాడు. కానీ వెనక సీట్లో ముగ్గురైనా కూర్చుంటే తప్ప స్క్రూ ముట్టుకోడు. ఎవరూ లేకపోతే పక్క బంకులో టీ తాగుతున్నవాళ్లను పిలిచి ఎక్కించేవాడు. నాకది చాదస్తంగా తోచింది. కాంతి పాఠం చెప్పే నేను టీ బంకు జనాన్ని కారులో పోగేసుకోవాలా?

వెళ్లలేదు. ఆ సాయంత్రం స్కూలు ప్రహరీ ముందు కారు నిలిపి, టేపుతో కొలిచి, సుద్దముక్కతో గీత గీసి, స్క్రూలు నేనే తిప్పాను. వెలుతురు అనుకున్న చోట ఇంచు తేడా లేకుండా పడింది. ఎంత మురిసిపోయానో! కారు మాత్రం ఖాళీ. వెనక బరువు పడితే కారు ముక్కు పైకి లేస్తుంది, దానితో పాటు వెలుతురూ లేస్తుంది. ఇంత చిన్న సంగతి సైన్సు చదివినవాడికి తట్టలేదా? తట్టలేదు. లేక, దొరస్వామి చెప్పాడు కనుక తట్టనివ్వలేదా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ వారంలోనే నా భార్యను, ఆమె తరఫు వాళ్లను నలుగురిని ఎక్కించుకుని శ్రీకాళహస్తికి బయలుదేరాను. రేణిగుంట ఇంకా దాటలేదు, అప్పుడే మసక పడుతోంది. ఎదురుగా సైకిల్ మీద పూలగంపతో ఒక మనిషి వస్తున్నాడు. చెయ్యెత్తి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. అది చూశాను. మరుక్షణం రోడ్డు మీద సైకిల్ లేదు. కల్వర్టు కింద రాళ్ల మీద పడి ఉన్నాడు. పేరు మునెయ్య, మోకాలి చిప్ప పగిలింది. మావాళ్లను అక్కడే దించేసి, అతన్ని ఆసుపత్రికి తెచ్చాను.

ఆసుపత్రి వరండాలో మునెయ్య బామ్మర్ది నా మీదికొచ్చాడు. "అవేం లైట్లు సామీ? మడిసి కండ్లు పోవాల్నా? ఎవురు పెట్టినారు?" సంగతి విని వచ్చిన మా హెడ్మాస్టరు పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తున్నారు. మునెయ్యది తన వీధే కావడంతో దొరస్వామి కూడా అప్పుడే పరుగున వచ్చాడు.

"దొరస్వామే ఫోకస్ పెట్టినాడు" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు. "నేనా అయ్యోరా? మీరు మళ్లీ రాలేదే?"

"వచ్చినాను గదా, సందేళ. నువ్వే పెట్టినావు."

ఇంకొక్కసారి కాదని ఉంటే నేను నిలబడేవాణ్ని కాదు. ఆ మాట నిజమా, లేక ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటున్న ఓదార్పా? అతను మాత్రం కాదనలేదు. రెండు చేతులూ చూసుకున్నాడు. "అయ్యోరు అబద్ధం యాల చెప్తారు? ఆ పొద్దు బండ్లు శానా ఉండె. మనుసుల్ని కూసోబెట్టకుండా పెట్టేసినట్టుండాను" అన్నాడు. నా మాట నమ్మి, తన జ్ఞాపకాన్ని కొట్టేసుకున్నాడు. బామ్మర్ది అతని చొక్కా పట్టుకుంటే విడిపించింది కూడా నేనే, పెద్దమనిషిలా.

మునెయ్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ దొరస్వామి ఇంటి నుంచే అన్నం క్యారియర్ వెళ్లింది. మునెయ్య మళ్లీ సైకిలెక్కలేదు. తిరుచానూరులో గుడి దగ్గర కాలు చాపుకుని పూలు కడుతుంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు నేను వేరే వీధిలోంచి తిరిగి పోతాను. ఇక దొరస్వామి, ఆ గోడకు సున్నం కొట్టేశాడు. హారన్లూ బ్యాటరీలూ చూస్తాడు. లైట్ల పనని ఎవరైనా వస్తే, "నా సెయ్యి మంచిది కాదప్పా, ఇంగో సోటికి పోండి" అంటాడు. నా చెవులతో విన్నాను. ఊళ్లో అంతటి పనివాడు లేడు. ఆ చేతి మీద అతనికున్న నమ్మకాన్ని నేను తీసేశాను. ఎందుకు? పోలీసులకు భయపడి కాదు. సైన్సు అయ్యవారికి లైటు పెట్టడం రాలేదని హెడ్మాస్టరు అనుకుంటారని. అంతే. ఇంత నీచమైన కారణమా అని నన్ను నేనే ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో.

పోయిన నెల దొరస్వామి కూతురి పెళ్లి. వెళ్లకుండా ఉండాల్సింది, వెళ్లాను. నన్ను వియ్యంకుడి ముందుకు తీసుకెళ్లి, "నా వల్ల ఒగ మనిసి కాలు పోతే, కేసు లేకుండా, నన్ను ఒక్క మాట అనకుండా కాపాడినాడు ఈ అయ్యోరు" అన్నాడు. కళ్లు తడిసి ఉన్నాయి. పంక్తిలో నా విస్తరి దగ్గరికి వచ్చి రెండోసారి పాయసం తనే వడ్డించాడు. తిన్నాను.

ఆ తర్వాత కుదురు లేదు. క్లాసులో దర్పణం గీస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. చెప్పేద్దామని రెండుసార్లు షెడ్డుకు పోయాను. రెండుసార్లూ, బాగానే ఉన్న హారన్ను చూడమని చెప్పి తిరిగొచ్చాను. ఇది అతనికి చెప్పాల్సిన మాట, మీకు కాదు. తెలుసు. మీరు క్షమించినా అది చెల్లదు. అయినా కాగితం మీద పెడుతుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఇదిగో, రాస్తున్నాను.

ఆ సందేళ నేను షెడ్డుకు పోలేదు. స్క్రూలు తిప్పింది నేను. దొరస్వామి చెయ్యి మంచిదే.