పులి బొమ్మ రగ్గు, పేరమ్మ పాత చీర

మా తాత పద్మనాభయ్యకు చేతకాని పని ఒక్కటే ఉండేది. అడగడం. పెళ్ళి భోజనాల్లో చారు వడ్డించేవాడు తనను దాటిపోతే, పిలవడం నామోషీ అని ఉత్త అన్నం మింగి లేచి వచ్చేవాడు. చేద బావిలో పడితే పక్కింట్లో గాలం ఉందని తెలిసినా అడగక, పంచె గోచీ పెట్టి తానే దిగేవాడు. ఒకసారి దిగి పైకి రాలేక సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడట. "ఓ కేక వెయ్యొచ్చు గదా!" అని ఆయన భార్య, మా జేజి ఆదిశేషమ్మ అంటే, "కేకేస్తే అడిగినట్టు కాదా?" అన్నాడట. ఇదీ మనిషి. చిల్లకూరుకు తూర్పున ఉన్న మా ఊళ్ళో ఇంతకన్నా మొండిఘటం లేదని అందరూ ఒప్పుకున్నారు, ఆయనతో సహా.

అలాంటి ఇంట్లో పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం, రోహిణీ కార్తె ఎండల్లో నేను పుట్టాను. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరూ మా అమ్మ పుట్టింట్లోనే పోయారని, మూడో కాన్పు మెట్టినింట్లో చేశారు. ఇక మా నాయన సంగతంటారా, ఆ ఇంట్లో నోరున్న మనిషి కాదు, ఆయన్ని వదిలేద్దాం.

పుట్టిన బిడ్డలు నిలవని ఇంట్లో మావైపు ఒక పద్ధతి ఉంది. బిడ్డకు కొత్త గుడ్డ తాకించకూడదు. ఇంటి పెద్ద బయల్దేరి, పిల్లలు చల్లగా ఉన్న ఇళ్ళకు పోయి, చెయ్యి చాచి పాత గుడ్డలు అడుక్కుని రావాలి. వాటితో బొంత కుట్టి బిడ్డను పడుకోబెట్టాలి. అడిగి తెచ్చుకున్న బిడ్డ నిలుస్తాడని నమ్మకం. జేజి ఈ మాట చెప్పగానే తాత, "నేనా? చెయ్యి చాచడమా? మన ఇంట్లో గుడ్డలకు కరువొచ్చిందా?" అని కండువా దులిపి గూడూరు పోయి మద్రాసు రైలెక్కాడు.

మర్నాడు ఒక పెద్ద కట్టతో దిగాడు. విప్పితే ఎర్రటి ఉన్ని రగ్గు, మధ్యలో నోరు తెరిచిన పులి. కొడైకెనాల్ చలికైనా తట్టుకుంటుందని షాపువాడు చెప్పాడట. మా ఊళ్ళో కొడైకెనాల్ చలి ఎప్పుడొస్తుందో షాపువాడూ చెప్పలేదు, తాతా అడగలేదు. అడిగే అలవాటు లేదు కదా! బయట కాకులు నోళ్ళు తెరుచుకుని చూరు కింద కూర్చున్న ఎండలో, నన్ను ఆ పులి కింద దూర్చారు. సాయంత్రానికి నా ఒళ్ళంతా చెమటకాయలు. ఊరు వినేలా ఏడ్చానట. తాత మాత్రం దూరంగా గుమ్మం దగ్గరే నిలబడి, "గొంతు బాగుండాదే!" అన్నాడట. నేను పుట్టిన నాటి నుంచి ఆయన ఆ గుమ్మం దాటి లోపలికి రాలేదు, నా మొహం చూడలేదు.

రెండో ప్రయత్నంగా తన పట్టు కండువా పంపాడు. జరీ నా చెంపను గీరింది, నేను కండువాను తడిపాను. ఇద్దరం సరిపోయాం.

జేజికి ఒళ్ళు మండింది. "పట్టు పీల్చదు, ఉన్ని గాలాడనీదు. బిడ్డకు కప్పేది ఉచ్చ పోస్తే పీల్చాల, ఉతికితే గంటలో ఎండాల, మొహం మీదికి జారినా ఊపిరాడాల. అది పాత నూలు గుడ్డే. నువ్వు రాజులకు కొన్నట్టు కొంటాండావు. పోయి అడుక్కురా!" అంది.

ఆ పూటే తాత బయటికి పోయి, ఒక మూట చంకన పెట్టుకుని మీసం మెలేస్తూ వచ్చాడు. మెత్తటి పాత చీరలు, పంచెలు, నిజంగానే దివ్యమైన గుడ్డలు. "వీధి వీధీ తిరిగి తెచ్చినా" అన్నాడు. జేజి కళ్ళొత్తుకుంది. మర్నాడు పొద్దున్నే బొంత కుట్టడానికి వీధిలో ఆడవాళ్ళందరినీ వసారాలోకి పిలిచింది.

ఎదురింటి చెంచమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయింది. "ఇదేందక్కా, నా నేరేడు రంగు చీర! దీన్ని గిన్నెల ముత్యాలయ్యకేసి సత్తు తపేలా తీసుకున్నా గదా!"

ఇంకొకామె ఒక పంచె పైకెత్తింది. "అమ్మో, ఇది మా ఇంటాయనది. నేనూ గిన్నెల ముత్యాలయ్యకే ఏసినా. చెంబిచ్చినాడు, అదీ సొట్టది."

ముత్యాలయ్య సైకిల్ మీద సత్తు గిన్నెలు తెచ్చి, పాత బట్టలకు మార్చుకుపోయేవాడు. విషయం అందరికీ అర్థమైంది. మా తాత ఏ ఇంటి ముందూ నిలబడలేదు. ఊరి బయట ముత్యాలయ్యను ఆపి, ఒక బస్తా నిమ్మకాయలిచ్చి మూట పట్టుకొచ్చాడు. వసారాలో నవ్వులే నవ్వులు. జేజికి తల కొట్టేసినట్టయింది. తాత అరుగు మీద పంచాంగం తెరిచి, తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

అప్పుడు మా అమ్మ వెంకటశేషమ్మ బయటికొచ్చింది. పురిటి మంచం దిగకూడదన్న మాట కూడా మరిచిపోయి, నన్ను ఎత్తుకుని వచ్చింది. మామగారి ముందు అంతకు ముందెప్పుడూ నోరెత్తిన మనిషి కాదు.

"మామా, ముందు ఇద్దరికీ కొత్త గుడ్డలే కప్పినాం. ఆ గుడ్డలతోనే పూడ్చినాం. ఇది నిజమో అబద్ధమో నాకు తెలవదు. మీరు అడగకపోయి, వీడు కూడా పోతే, మీరు అడగలేదనే బతికినన్నాళ్ళూ అనుకుంటా. అట్టా అనుకుంటా మీకు అన్నం పెట్టలేను."

తాత తలెత్తి మావైపు చూడకుండానే పంచాంగం మూసి, కండువా తీసుకుని, చెప్పులు వేసుకోకుండా దిగిపోయాడు.

పేరమ్మది ఊరి చివరి ఇల్లు. మా పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. కన్న పిల్లలందరూ గుండ్రాళ్ళలాగా తిరుగుతున్న తల్లి. తాత ఆమె వాకిట్లో నిలబడి ముందు వానల గురించి మాట్లాడాడు. తర్వాత ఆమె కోళ్ళు బాగున్నాయన్నాడు. ఆ తర్వాత దడి కట్టిన తీరు మెచ్చుకున్నాడు. ఈలోగా చుట్టుపక్కల వాళ్ళు పనులు వదిలేసి వచ్చి నిలబడ్డారు. పద్మనాభయ్య అడగడం చూసే భాగ్యం మళ్ళీ దొరుకుతుందా!

పేరమ్మకు అంతా తెలుసు. నవ్వు ఆపుకుంటూ, "ఏందయ్యా, నాట్లకింకా నెలలుండాయే! దడి చూసేదానికొచ్చినారా?" అంది.

"గుడ్డ..." అన్నాడు తాత.

"ఏం గుడ్డ? బండి తుడిచేదానికా?"

"అది కాదు."

"మరి ఎవరికయ్యా? నోరు తెరిచి అడగాల. అడగకుండా నేనిస్తే పనికిరాదు, మీకు తెలవందా?"

తాత కండువా అంచులు రెండు చేతులా పట్టి ముందుకు చాచాడు.

"నా మనవడికి పేరమ్మా. కబురొస్తే పోయి, ఇద్దరినీ ఈ చేతుల్తోనే గుంట కాడికి మోసుకుపోయినా. వీడి మొహం నేనింకా చూళ్ళేదు, చూస్తే వీడు కూడా పోతాడేమోనని. వీడన్నా బతకాల తల్లీ. ఓ పాత గుడ్డుంటే పెట్టు."

అని, అంత మీసమున్న మనిషీ, ఆ వాకిట్లో భోరుమని ఏడ్చాడు. చూడటానికి వచ్చినవాళ్ళు తలలు తిప్పుకున్నారు. పేరమ్మ లోపలికి పరుగెత్తి, తన పిల్లలందరికీ ఉయ్యాల కట్టిన చీర తెచ్చి, సగానికి చింపి కండువాలో వేసింది. "బతుకుతాడయ్యా, ఎందుకు బతకడు? మీ మొండితనంలో సగమొచ్చినా చాలు!" అని తానూ కళ్ళు తుడుచుకుంది.

ఒకసారి నోరు తెరుచుకున్నాక మూయించడం ఎవరి తరమూ కాలేదు. ఆ రోజు తాత ఒక్క గడప వదల్లేదు. చెంచమ్మను వసారాలోనే అడిగేశాడు. చివరికి జేజి, "చాలయ్యా, గమ్మునుండు! మనం కుట్టేది బొంత, షామియానా కాదు!" అని చేతులు పట్టుకుని ఆపింది. అప్పుడు లోపలికి వచ్చి, మొదటిసారి నా మొహం చూశాడు. నేను పేరమ్మ చీర మీద నిద్రపోతున్నాను. చెమటకాయలు రెండు మూడు రోజుల్లో మాడిపోయాయి. పులి రగ్గు మా కుక్కకు దక్కింది. అదీ మార్గశిరంలో తప్ప దాని మీద పడుకునేది కాదు. కుక్కకున్న ఇంగితం!

నాకు బిచ్చయ్య అని పేరు పెట్టారు. బళ్ళో ఆ పేరుతో పడ్డ పాట్లు నాకే తెలుసు. ఒకసారి ఏడుస్తూ వచ్చి ఈ పేరు వద్దంటే తాత, "ఒరే, ఆ పేరు నీది కాదురా, నాది. నువ్వు మోస్తాండావంతే" అన్నాడు.

ఆ తర్వాత ఆయనకు ఇంకో పిచ్చి పట్టుకుంది. కొత్త పంచె కొనడం, దాన్ని మెత్తబడే దాకా కట్టడం, ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా వాళ్ళు అడగకముందే పట్టుకెళ్ళి ఇవ్వడం. "అడగాల్సిన పనేముంది, నేనే తెచ్చినా గదా!" అనేవాడు. చెంచమ్మ మనవరాలు పుట్టినప్పుడైతే ఒంటి మీది పంచె ఇచ్చి, కండువా చుట్టుకుని ఇంటికొచ్చాడు. జేజి వారం రోజులు తిట్టింది.

నేను నాలుగో తరగతిలో ఉండగా తాత పోయాడు. కర్మలన్నీ అయ్యాక, ఆయన గుర్తుగా ఒక పంచె దాచుకుందామని అమ్మ ఆయన భోషాణం తెరిచింది. అందులో ఉన్నవన్నీ మడత విప్పని కొత్తవి. ఆయన కట్టింది ఒక్కటీ లేదు. అన్నీ ఊళ్ళో ఉయ్యాలల్లో ఉన్నాయి.

అమ్మ భోషాణం మూసింది. తర్వాత లేచి, నా చెయ్యి పట్టుకుని, ఎదురింటి వాకిట్లోకి పోయి నిలబడింది. కొంగు రెండు చేతులా పట్టి చాచింది.

"చెంచమ్మక్కా, మా మామ పంచె ముక్క ఏదన్నా ఉంటే పెట్టక్కా" అని అడిగింది.