కుళాయి అత్తయ్య చింపిరి

పశువైద్య కాలేజీలో పిల్లలంతా ఆవిడను కుళాయి అత్తయ్య అంటారు. తిప్పితే చాలు, కళ్ళలో నీళ్ళు. ఆవిడ అసలు పని బట్టలు కుట్టడం. కబురొచ్చినప్పుడల్లా మిషను మీద గుడ్డ కప్పి కాలేజీకి వెళ్ళి, కుక్క చావుబతుకుల్లో ఉన్న యజమానురాలిలా కూర్చుంటుంది. కాబోయే డాక్టర్లు ఒక్కొక్కరే ఎదురుగా కూర్చుని, "మీ రాజా ఇక బతకడండీ" అని చెప్పడం నేర్చుకోవాలి. సూది వెయ్యడం నేర్పడానికి రబ్బరు బొమ్మలున్నాయి గానీ, చేదు మాట చెప్పడం నేర్పాలంటే మనిషే కావాలి మరి.

ఏ మాటకు ముక్కు చీదాలో, ఏ మాటకు కుర్చీ వెనక్కి నెట్టి కేకలెయ్యాలో ఆవిడకు కొట్టినపిండి. ఆఖర్న కళ్ళు తుడుచుకుని, "మధ్యలో గడియారం చూశావు బాబూ. నా ప్రాణం చివుక్కుమంది" అని తప్పొప్పులు చెప్పేది.

అలాంటి మనిషి ఇంట్లో, సొంత కుక్క చింపిరి తిండి మానేసింది. కాలేజీవాళ్ళు రాసిచ్చిన కథలో రాజాకు లాగే దీనికీ మూత్రపిండాలు చెడిపోయాయని ఆవిడకు అనుమానమే.

"అక్కా, మళ్ళీ కక్కిందే," అంది చెల్లెలు. "రోజూ ఆ డాక్టర్ల మధ్యే కూర్చుంటావు, ఒక్కసారి చూపిస్తే నీ సొమ్మేం పోతుంది?"

"చూద్దాంలే."

"ఎప్పుడు? అది ఎముకలగూడైపోయి మూలుగుతుంటే, బండరాయిలా మిషను తొక్కుతావేంటే?"

"బడి యూనిఫారాలు ఇచ్చెయ్యాలి."

ఆవిడకు నిజంగానే ఏమీ అనిపించడం లేదు. దుఃఖం లేదు, భయమూ లేదు. తీసుకెళ్తే ఏం జరుగుతుందో కంఠతా వచ్చు. కూర్చోమంటారు, గొంతు తగ్గిస్తారు, "మీ బాధ నాకు అర్థమైంది" అంటారు. వినీ వినీ ఆ మాటలు పాత చెప్పుల్లా అరిగిపోయాయి. అందుకే రోజులు దొర్లించింది.

ఆ వారం ఆవిడ ఎదుటికి వచ్చింది కళ్ళజోడు పిల్ల. నోట్లో నాలుక లేని పిల్లని తోటివాళ్ళ ఎగతాళి. చెప్పవలసింది చెప్పకుండా, "ఇంట్లో ఎక్కడ పడుకుంటుందండీ?" అని అడిగింది. అది కథలో లేదు. ఏదో ఒకటి కల్పించాల్సిన కుళాయి అత్తయ్య నోరు జారింది.

"మిషను కింద. నా కాలికి ఆనుకుని. ఇప్పుడది కదల్లేదు, నేనే కాలు పక్కకు పెట్టుకుని తొక్కుతున్నా."

పిల్ల చేతిలో పెన్ను కింద పెట్టింది. కథలో యజమానురాలు బ్యాంకు ఉద్యోగి, మిషను తొక్కే మనిషి కాదు.

"అత్తయ్యా, ఇది రాజా గురించి కాదు కదూ?"

మూల కుర్చీలోంచి మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, కథ దాటొద్దు. ఏమ్మా, ఇక్కడ ఏడవాలి కదా?"

ఆవిడ పెదవి కొరికింది, రెప్పలు ఆడించింది. "రావట్లేదు సార్."

"ఇవాళ నీటి సరఫరా బంద్!" అన్నాడు వెనక కూర్చుని చూస్తున్న కుర్రాళ్ళలో ఒకడు. గది గొల్లుమంది. పిల్ల మాత్రం నవ్వలేదు.

"దాని పేరేంటి?"

"చింపిరి."

"దానికి నొప్పిగా ఉందా అత్తయ్యా?"

ఇన్నాళ్ళూ అందరూ ఆవిడనే ఓదార్చారు. కుక్కకెలా ఉందని ఆ కుర్చీలో ఆవిడను అడిగినవాళ్ళు లేరు. జవాబు ఆవిడే చెప్పాలి.

"ఉంది," అంది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నువ్వు గడియారం చూళ్ళేదమ్మా. అంతే, ఇంకేం చెప్పను."

ఆ సాయంత్రమే చింపిరిని పాత దుప్పట్లో చుట్టి, చెల్లెలితో ఆటోలో కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలు చేసిన డాక్టరు ఒకప్పుడు ఆవిడ దగ్గర మాట నేర్చుకున్నవాడే. కుర్చీ దగ్గరకు జరుపుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"అవన్నీ నాకొచ్చు బాబూ. దానికి నొప్పి లేకుండా చెయ్యి, చాలు."

శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేస్తుంటే చెల్లెలు వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ చింపిరి చెవి వెనక నిమురుతూ నిలబడింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

మర్నాడు యూనిఫారాల పని మళ్ళీ మొదలైంది.

"అక్కా, కాలు తిన్నగా పెట్టుకోవే. అక్కడిప్పుడు ఏం లేదుగా."

"తెలుసే," అంది ఆవిడ. కాలు పక్కకే పెట్టుకుని తొక్కుతూనే ఉంది.