మసి కాని మరక

డెల్మర్ స్టిడమ్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. కొట్టు తలుపు మూసి ఇంట్లోకి వెళ్లేముందు గుమ్మం దగ్గర పిడికెడు రంపపు పొట్టు చల్లుతాడు, ఎవరైనా అడుగు పెడితే జాడ పడాలని. ఇన్నేళ్లలో పడిన జాడలన్నీ వాళ్ల పిల్లివే. అయినా చల్లడం మానడు. భార్య వెల్డా కాఫీ ఇస్తే "ఇవాళ ఇంత చిక్కగా ఉందేం?" అని ఆరా తీసిగానీ తాగడు. ఇంతకాలం కాపురం చేసిందంటే ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి.

కెంటకీ కొండల్లో, క్రేన్‌నెస్ట్ లోయలో, ఉడతల వేటకెళ్లే ప్రతివాడి తుపాకీ కర్రా డెల్మర్ చెక్కిందే. బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని బయటపడ్డాక పట్టుకున్న పని అది. ఈ కాలపు ట్వంటీటూ రకం చిన్న రైఫిళ్లు నల్లటి ప్లాస్టిక్ ఒంటితో వస్తాయి. వాటిని చూస్తే అతనికి ఒళ్లు మంట. "దువ్వెన పట్టుకుని వేటకెళ్లినట్టుంటుంది" అంటాడు. ఆ ప్లాస్టిక్ ఊడదీసి, లోపలి ఇనుముని తాతల నాటి తరహాలో పొడుగాటి వాల్‌నట్ కర్రలో కూర్చోబెట్టి ఇస్తాడు.

కిందటేడాది అతను ఆసుపత్రిలో ఉండగా, ఇంటి వెనక గట్టుమీద వాళ్లమ్మ సమాధి పక్కనున్న వాల్‌నట్ చెట్టుని ఎవరో నరికి పట్టుకుపోయారు. అమ్మ చేత్తో నాటిన చెట్టు. దానికి ఇనప కొక్కెం దిగ్గొట్టి బట్టలారేసే తాడు కట్టుకునేది. చెట్టు లావెక్కి ఆ కొక్కేన్ని లోపలికి మింగేసింది. ఇంటికొచ్చిన డెల్మర్‌కి మోడు మాత్రం మిగిలింది. వాల్‌నట్ కలప ఖరీదెక్కువ, దాని దొంగలు ఆ కొండలకి కొత్తేం కాదు. కానీ పక్కింటి ఎస్టిల్ గేహార్ట్ ట్రక్కులో ముదురు రంగు పొట్టు కనపడింది. "ఇదేంట్రా?" అంటే ఎస్టిల్ తన బూట్లు చూసుకుంటూ "పొట్టురా" అన్నాడు. చిన్నప్పట్నుంచి ఒకే చెట్టు కింద కూర్చుని ఉడతల కోసం కాచిన ఇద్దరికీ ఆ రోజునుంచి మాటల్లేవు.

ఈ వేసవిలో ఎస్టిల్ కూతురు ట్రెస్సా కొత్త రైఫిలూ, చంకలో ఒక వాల్‌నట్ పలకా, ముడేసిన దారం ఒకటీ పట్టుకుని కొట్లోకొచ్చింది.

"డెల్మర్ బాబాయ్, దీనికి కర్ర చేసిపెట్టాలి. పాతకాలం పద్ధతిలో, గొట్టం చివరిదాకా."

"ఎవరికి?"

"ఒక పెద్దాయనకి. పుట్టినరోజు కానుక."

"పలకెక్కడిది?"

"మా కొట్టాంలో ఆరుతోంది."

"దానంతటదే నడిచొచ్చిందా మీ కొట్టాంలోకి?"

"నీ దగ్గరికి రావాలంటే ముందు లాయర్ని మాట్లాడుకోవాలి బాబాయ్" అని ట్రెస్సా అన్నీ బల్లమీద పెట్టేసి, అతను కాదనేలోగా వెళ్లిపోయింది.

ఇంకోసారైతే వెనకాలే విసిరేసేవాడు. కానీ ఆ పలక అతన్ని ఆపింది. ఇనుము దిగిన వాల్‌నట్ లోపల నీలి నలుపుగా మారిపోతుంది, ఎంత చెక్కినా పోదు. ఇది అమ్మ చెట్టే అయితే లోపలెక్కడో కొక్కెం జాడ ఉండి తీరాలి. ఎస్టిల్ నోరు విప్పకపోతే చెక్కే విప్పుతుంది అనుకున్నాడు.

పెద్దాయనంటే ఎస్టిలే, ఇంకెవరు అనుకుంటూ దారం సాగదీసి చూశాడు. వాడేవాడి మోచేతి మడత నుంచి చూపుడువేలిదాకా కొలిచి ముడేస్తారు, భుజానికానే తుపాకీ మడమ అంతే పొడుగుండాలి. ఎస్టిల్‌వి కొంగ కాళ్లంత చేతులు, ముడి చూస్తే బాగా ఇవతలుంది. "ముసలాడు కుంచించుకుపోయాడన్నమాట" అని సంబరపడ్డాడు. లోయలో అందరి చేతులూ కొలిచినవాడే, తన చేతి కొలత మాత్రం అతనికే తెలీదు.

పని మొదలైంది. ఇనుముకి దీపపు మసి పూసి చెక్కలో అదమడం, పైకి తీసి ఎక్కడ నల్లగా అంటిందో అక్కడ గీకడం, మళ్లీ మసి, మళ్లీ గీకుడు. అంతటా సమానంగా అంటితేనే కూర్చున్నట్టు. వెల్డా మొక్కజొన్న రొట్టె పట్టుకొచ్చిన ప్రతిసారీ తొంగిచూస్తోంది.

"ఎంతవరకొచ్చింది?"

"నీకెందుకంత ఆత్రం?"

"అడిగినా తప్పేనా?"

"ఇన్నాళ్లూ అడగలేదుగా" అన్నాడు. ఆవిడ పళ్లెం పెట్టేసి గబగబా వెళ్లిపోయింది. ఇదీ ఎస్టిల్‌తో కలిసిందా ఏం, అన్న అనుమానం కూడా వచ్చింది డెల్మర్‌కి.

ఆ మధ్యాహ్నం గొట్టం కూర్చునే గాడిలో ఒక మరక పోలేదు. గీకాడు. మళ్లీ గీకాడు. గుడ్డకి టర్పెంటైన్ అద్ది తుడిచాడు. మసయితే గుడ్డకి అంటాలి. గుడ్డ తెల్లగానే ఉంది.

డెల్మర్ ఆ నీలి మరకమీద బొటనవేలు ఆనించి కూర్చున్నాడు. నోట్లో బట్టల క్లిప్పులు పెట్టుకుని, మాట్లాడకుండా కళ్లతోనే గదమాయించే అమ్మ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఆ తర్వాత కడుపు మండింది. మా అమ్మ చెట్టు నరికి, దాన్ని నా చేతే చెక్కించుకుని, నీ పుట్టినరోజు చేసుకుంటావా ఎస్టిల్?

రంపం తీశాడు. ముడి దగ్గర కొయ్యాల్సిన మడమని బొటనవేలంత ఇవతలికి కోసేశాడు. పొట్టి మడమున్న తుపాకీ భుజానికెత్తితే పట్టుకున్న చేతి బొటనవేలు వచ్చి ముక్కుకి తగులుతుంది. ఎత్తిన ప్రతిసారీ మా అమ్మ నీ ముక్కుమీద మొట్టాలిరా అనుకుని, తెగిన ముక్కని పొయ్యిలో పడేశాడు. తర్వాత అవిసె నూనె పట్టించి, ఏమీ ఎరగనట్టు తుడిచి పెట్టాడు.

ఆదివారం భోజనానికి ట్రెస్సా వచ్చింది, వెనకాలే ఎస్టిల్ వచ్చాడు. వెల్డా ముందే అతనికి పళ్లెం పెట్టి ఉంచింది. డెల్మర్ చిక్కుడు గింజలు ముట్టకుండా రైఫిల్ తెచ్చి, గొట్టం విప్పి, గాడి చూపించాడు.

"ఈ మరకేంటో చెప్పరా."

ఎస్టిల్ మళ్లీ బూట్లు చూసుకున్నాడు. వెల్డా గరిటె కింద పెట్టింది.

"అతన్నడుగుతావేం? నరికించింది నేను."

డెల్మర్ గొట్టం బల్లమీద పెట్టేశాడు.

"చెట్టు వేరు కుళ్లి అత్తయ్య సమాధిమీదకి వాలిపోయింది. నరికిద్దామంటే ఒప్పుకున్నావా? నువ్వు ఆసుపత్రిలో ఉండగా అతన్తోనే కొట్టించాను. పలక ఆరేదాకా చెప్పొద్దని ఎస్టిల్ చేత ఒట్టేయించుకున్నాను. నువ్వు అతన్తో మాటలు మానేస్తావని నాకేం తెలుసు? మానేశాక చెప్పాలంటే భయమేసింది."

"పెద్దాయన నువ్వే బాబాయ్" అంది ట్రెస్సా. "పిన్ని నువ్వు కుర్చీలో నిద్రపోతుంటే కొలిచింది. ఎత్తి చూడు."

డెల్మర్ గొట్టం బిగించి, గోడవైపు తిరిగి తుపాకీ భుజానికెత్తాడు. బొటనవేలు వచ్చి ముక్కుకి తగిలింది.

"కుదిరిందా?" అంది వెల్డా.

"కుదిరింది" అన్నాడు.

ఎస్టిల్ వేటగాడు, అతని కంటికి దాగుతుందా. చెయ్యి చాపి రైఫిల్ తీసుకుని తనూ ఎత్తాడు. ఆ పొడుగు చేతులకి వేలు ఠపీమని తగిలింది. దించి మడమ చూశాడు.

"ఇది నా ముక్కు కోసం కోశావు కదరా."

"అవున్రా."

"ఆ ముక్కేది? అతికిస్తే సరి."

"పొయ్యిలో వేశాను."

వెల్డా పొయ్యివైపు చూసి, పళ్లేలు తీసుకుని లోపలికి వెళ్లింది. ఎస్టిల్ రైఫిల్ తిరిగి డెల్మర్ చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే మొయ్యి" అన్నాడు.

వేరే చెక్క అతికించి పొడుగు చేసుకోవచ్చు, అది డెల్మర్‌కి పావుగంట పని. ఎవరైనా అడిగితే "వేరే చెట్టు ముక్క దీనికెందుకు" అంటాడు. ఉడతల వేట కాలం వచ్చింది, ఇద్దరూ మళ్లీ ఒకే చెట్టు కింద కూర్చుంటున్నారు. డెల్మర్ తుపాకీ ఎత్తినప్పుడల్లా ఎస్టిల్ ముందు అతని ముక్కు వైపు చూసి, ఆ తర్వాతే ఉడతని చూస్తాడు.