చలికొండ చుంచెలుక కొలత

"పుస్తకం చుంచెలుక చదివిందా సార్?"

"వెటకారం వద్దమ్మా. చలి పెరిగేకొద్దీ జంతువు ఒళ్లు పెరగాలని పుస్తకంలో ఉంది. మీ రిజిస్టరులో తగ్గుతోంది. అంటే ఇరవై ఆరేళ్లుగా మీరు పుర్రెలు కొలిచే వెర్నియర్ని గట్టిగా నొక్కేస్తున్నారు. కొండమీది కొలతలన్నీ కొట్టేస్తున్నాను."

"తప్పు చూపించి కొట్టేయండి."

నేను నిచ్చెన మీద ట్యూబులైటు మారుస్తున్నాను. కాలేజీ మానేశాక నాకు అబ్బిన విద్య అదొక్కటే. కింద వాదిస్తున్నది మా మేనత్త. మ్యూజియం వెనక గదిలో చిన్న జంతువుల పుర్రెలు శుభ్రం చేసి, కొలిచి, చీటీ కట్టి పెట్టెల్లో దాచడం ఆవిడ ఉద్యోగం. కొత్త ఆఫీసరు తలుపు దభీమని వేసి వెళ్లాడు.

ఇంట్లో అందరం ఆవిడని చుంచత్త అంటాం. పిలిస్తే దర్జాగా పలుకుతుంది. వయసులో ఉండగా ఊరూరా చుంచెలుకలు పడేలా నేలలో బకెట్లు పాతి, రెండు గంటలకోసారి వెళ్లి చూసేది. చుంచెలుక ఆకలికి ఆగలేదు, ఆలస్యమైతే చచ్చిపోతుంది. బతికినదాన్ని తూచి, పురుగులు పెట్టి వదిలేసేది. చచ్చినవి మాత్రం ఈ పెట్టెల్లోకి చేరాయి. "నేనూ బకెట్లో పడుంటే వేళకి తిండి దొరికేది" అని మామయ్య ఏడిపించేవాడు.

నిచ్చెన దిగాను. "రిటైరయ్యే ముందు ఈ గొడవెందుకత్తా? పోనీయరాదూ."

"దేన్ని పోనీయమంటావురా, సగం జీవితాన్నా?"

రెండు పెట్టెలు తెరిచింది. "ఇవి వాగు ఒడ్డువి. అక్కడ తడి, వానపాములు, ఏడాదంతా తిండి. ఒళ్లు చేశాయి. ఇవి కొండవి. చలికాలం అక్కడ పురుగు దొరకదు. ఒళ్లు చిన్నదై తక్కువ తినేదే బతికి బట్టకడుతుంది. ఎండిన రాళ్లగుట్ట మీద ఒక్కటీ పడలేదు. ఖాళీ బకెట్లు కూడా రాసిపెట్టాను."

"కొండవి పిల్లలేమో?"

"పళ్లు చూడు, ఎంత అరిగాయో. పిల్లకి అలా అరుగుతాయా?"

ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంది.

"రేపు పొద్దున ఆఫీసరు చేతే పుర్రెలన్నీ కలిపించి, ఏది ఎక్కడిదో తెలీకుండా చీటీలు మూయిస్తాను. నువ్వు కొలవాలి."

"నేనా? నాకేం తెలుసని?"

"అందుకేరా. ఆయన కొలిస్తే పుస్తకం కొలిచినట్టు, నేను కొలిస్తే నా పంతం కొలిచినట్టు. నీకు ఈ రెండూ లేవు. ఒక్కటే అడుగుతున్నా, ఎంత కనిపిస్తే అంతే పైకి చదువు. మేనత్తనని మొహమాటపడి అర మిల్లీమీటరు కూడా అటూ ఇటూ జరపకు."