కాలువకు నీళ్ళొచ్చిన రోజు సభ

నిన్న ఒక కల్యాణమండపంలో సభ ఏర్పాట్లు చూస్తుంటే, తడిసి ఆరిన షామియానా గుడ్డ వాసన గుప్పుమంది. వెంటనే దేవసహాయం గారు గుర్తొచ్చారు. డెబ్బైలలో బెజవాడలోని ఒక ఎరువుల కంపెనీలో ఆయన రైతు సభలు ఏర్పాటు చేసేవారు. నేను ఆయన కింద కొత్తగా చేరిన గుమాస్తాను. సభలు బాగా నడుపుతానని ఈరోజు నలుగురూ నన్ను మెచ్చుకుంటున్నారంటే ఆ పుణ్యం ఆయనదే.

సభకు ముందురోజు, సభ జరగబోయే వేళకే ఆయన హాలుకు వెళ్ళేవారు. తిన్నగా పోయి చిట్టచివరి కుర్చీలో కూర్చుని, నన్ను వేదికెక్కి మాట్లాడమనేవారు. "ఏం మాట్లాడనండీ?" అంటే, "మీ ఇంట్లో పొద్దున ఏం వండారో చెప్పమ్మా, నాకు వినపడితే చాలు" అనేవారు. నేను గోంగూర పచ్చడి గురించి గొంతు చించుకుంటుంటే, ఆయన కిటికీలోంచి ఎండ ఎవరి మొహాన పడుతోందో, మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఎవరికి అడ్డమొస్తారో చూసుకునేవారు. అప్పట్లో నాకదంతా చాదస్తంగా తోచేది.

ఒక జూన్‌లో పామర్రు సభ పూర్తిగా నాకప్పగించారు. నా ఉద్యోగం ఖాయమయ్యేది దాన్నిబట్టే. హాలు, మైకు, కాఫీలు, మద్రాసు నుంచి వచ్చే పెద్ద అధికారికి దండ, అన్నీ చూశాను. చివరి కుర్చీలో కూడా కూర్చున్నాను. తీరా పది గంటలకు హాల్లో ఉన్నది ఆ అధికారి, దేవసహాయం గారు, నేను. మిగతావన్నీ ఖాళీ కుర్చీలే. వాచ్‌మన్‌ని అడిగితే, "నిన్న కాలువకి నీళ్ళొదిలారు గదమ్మా. నారుమడి పని మానుకుని ఇయ్యాల ఎవరొస్తారు?" అన్నాడు. పుట్టి పెరిగింది కాలువల ఊళ్ళోనే అయినా, నీళ్ళెప్పుడు వదులుతారో కనుక్కోవాలని నాకు తట్టనే లేదు.

అధికారి మొహం మాడ్చుకుని, "ఈ తేదీ పెట్టిందెవరు?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా దేవసహాయం గారు, "నేనేనండీ, పొరపాటైంది. వాళ్ళు రాలేరు గనక మనమే వెళ్దామండీ" అని జీపు కాలువగట్టు మీదికి తీయించారు. అధికారి ప్యాంటు మడిచి గట్టు మీద నిలబడి మాట్లాడారు. రైతులు బురదలో నిలబడే విన్నారు, ప్రశ్నలు కూడా అడిగారు. నా ఉద్యోగం ఖాయమైంది. దేవసహాయం గారికి రావలసిన ప్రమోషన్ మాత్రం ఆ ఏడు రాలేదు.

ఆ సంగతి నాకు తెలిసింది రెండేళ్ళ తర్వాత. తెలిసిన రోజునే గుణదలలో వాళ్ళింటికి పరుగెత్తాను. ఏడుపు ఆగలేదు. "నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను. ఆయన కాఫీ గ్లాసు నా చేతికిస్తూ, "చెబితే ఏం చేసేదానివి, రాజీనామా ఇచ్చేదానివి. చూడమ్మా, నీ పేరు వింటే నిన్ను ఇంటికి పంపేవాడాయన. నన్ను పంపలేడు. అందుకని నా పేరు చెప్పాను, అంతే. తాగు, చల్లారిపోతుంది" అన్నారు.

ఇప్పుడు ఏ సభకైనా, వచ్చేవాళ్ళకు ఆ రోజు ఏం పనుందో కనుక్కున్నాకే హాలు మాట్లాడతాను. మా ఆఫీసులో కుర్రవాళ్ళకూ అదే నేర్పాను. ఇంకొకటి మాత్రం ఎవరికీ నేర్పలేదు, ఊరికే చేస్తూ వస్తున్నాను. ఏర్పాట్ల కాగితంలో 'బాధ్యులు' అన్నచోట, పని ఎవరు చేసినా, నా పేరే రాస్తాను.